అత్తగారి ఊరా, అక్క ఊరా?

ప్రశ్న: మేం హైదరాబాద్ నిజాంపేటలో ఉంటాం. మా వారు ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తారు. జీతం చేతికి 46 వేలు వస్తుంది. అద్దె 16 వేలు, మెయింటెనెన్స్ 2 వేలు, లోన్ ఈఎంఐ 7 వేలు. బాబుకి ఐదున్నరేళ్లు, యూకేజీ అయిపోతోంది. ఫీజు ఏడాదికి 60 వేలు, వ్యానుకి నెలకి 2 వేలు. పాపకి ఏడాదిన్నర. నేను డీఫార్మసీ చదివాను. మూడేళ్లు మెడికల్ షాపులో చేసి, పాప కడుపులో ఉన్నప్పుడు మానేశాను. ఇప్పుడు మా వారిని ఇంటి నుంచి పని చేయమన్నారు. నెలలో నాలుగు రోజులు మాత్రం ఆఫీసుకి రావాలట. ఊరు మారిపోదామని ఇద్దరం అనుకున్నాం, కానీ ఎక్కడికన్నదే తేలడం లేదు. ఆయన వాళ్ల ఊరు తెనాలి అంటారు. మామగారు పోయాక అత్తయ్య అక్కడ సొంతింట్లో ఒక్కరే ఉంటున్నారు, అద్దె ఉండదు. ఆయన ఒక్కడే కొడుకు. నేను అక్క ఉండే హన్మకొండ అంటాను. మా అమ్మ లేదు, అక్కే నాకు అమ్మ. పాప పుట్టాక అత్తయ్య వచ్చి రెండు నెలలు ఉంటే రోజూ గొడవే, నా వంట నుంచి పాపకి పాలిచ్చే వేళల దాకా. చివరికి రెండూ వద్దు, వైజాగ్ పోదామని ఆయనంటున్నారు. అక్కడ మాకెవరూ లేరు. బ్యాంకులో 1 లక్షా 80 వేలు ఉన్నాయి. రోజూ ఇదే టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో లెక్కలన్నీ స్పష్టంగా రాశారు. అందుకే ముందు లెక్కతోనే మొదలుపెడతాను. దానివల్ల ఒక విషయం తేలిపోతుంది.

ఈఎంఐ పోను మీ చేతిలో ఉండేది 39 వేలు. నిజాంపేటలో అద్దె, మెయింటెనెన్స్, బాబు ఫీజు, వ్యాను అన్నీ తీసేస్తే తిండికీ పాలకీ మందులకీ మిగిలేది 14 వేలు. నలుగురికి అది చాలదు. మారాలన్న మీ నిర్ణయం సరైనదే.

వైజాగ్ సంగతి చూద్దాం. మధురవాడ వైపో పెందుర్తి వైపో వెళ్లినా పిల్లలతో ఉండదగ్గ ఇల్లు 12, 13 వేలకి తక్కువ రాదనుకోండి. ఆఫీసుకి రావాలంటే దాదాపు 700 కిలోమీటర్లు. వందే భారత్ ఎక్కినా ఎనిమిది గంటల పైమాటే, గోదావరి ఎక్స్‌ప్రెస్ అయితే ఒక రాత్రి మొత్తం. రానుపోను ఖర్చు, నాలుగు రోజుల బస, స్కూలు ఫీజు అన్నీ తీసేస్తే మీకు మిగిలేది 16 వేల దగ్గర. అంటే ఇంత సామాను మోసుకుని వెళ్లి నెలకు 2 వేలు మిగుల్చుకుంటారు. ఆయన ఆఫీసులో ఉన్న ఆ నాలుగు రోజులూ మీరు ఇద్దరు పిల్లలతో తెలియని ఊళ్లో ఒంటరిగా ఉంటారు. మీ ఉత్తరం చదివితే నాకు అర్థమైంది ఇది: వైజాగ్‌ని మీ ఇద్దరిలో ఎవరూ కోరుకోలేదు. ఒకరి ఊరికి ఇంకొకరు ఒప్పుకోకపోవడంతో మధ్యలోకి వచ్చిన ఊరది. గొడవ ఆపడానికి ఎంచుకున్న ఊళ్లో కాపురం చేయడం కష్టం. దాన్ని పక్కన పెట్టేయండి.

ఇక మిగిలినవి రెండు. హన్మకొండలో 10 వేలకి ఇల్లు దొరికిందనుకుందాం. ఆఫీసు రాకపోకలకి 1,500, స్కూలుకి నెలకి 3,500 పోతే 24 వేలు మిగులుతాయి. తెనాలిలో వేరే ఇల్లు 8 వేలకి తీసుకుంటే, రాకపోకలకీ బసకీ 4,500, స్కూలుకి 3 వేలు పోతే 23,500 మిగులుతాయి. తేడా 500 రూపాయలు. ఇన్నాళ్లూ మీరిద్దరూ డబ్బు పేరు చెప్పి వాదించుకుంటున్నారు కానీ, ఈ రెండు ఊళ్ల మధ్య డబ్బు పెద్ద తేడా చూపించడం లేదు. కాబట్టి వేరే ప్రశ్నలు అడగాలి.

'తెనాలిలో వేరే ఇల్లు' అన్నాను, గమనించారా? మీ ఉత్తరంలో తెనాలి అంటే అత్తగారి ఇల్లు ఒక్కటే. ఊరు వేరు, ఇల్లు వేరు. అదే వీధిలోనో పక్క వీధిలోనో ఒక పోర్షన్ తీసుకుని, మీ వంటిల్లు మీదిగా ఉంచుకోవడం అన్న మాట మీ ఇద్దరిలో ఎవరికీ రాలేదు. సొంతిల్లు ఉండగా ఊళ్లో అద్దెకుంటే నలుగురూ ఏమనుకుంటారోనని మీ వారికి ఉంటుంది. అది చిన్న విషయమని నేను అనను. కానీ రెండు నెలలకే అంత గొడవైతే, అదే ఇంట్లో, అందులో ఒక గది ఆయన ఆఫీసు గది అయిపోతే, ఆరుగురు ఉన్నంత ఇరుకుగా ఉంటుంది. ఆ 8 వేలు అద్దె కట్టడం వృథా ఖర్చు కాదని ఆయనకి లెక్క చూపించి చెప్పండి. అద్దె కట్టినా ఇప్పటికంటే నెలకి 9,500 ఎక్కువే మిగులుతోంది.

చాలా ఏళ్ల కిందట మేమూ చిన్న పిల్లలతో కొత్త ఊరికి వెళ్లాం. మూడో రాత్రే బాబుకి 103 జ్వరం. మా వారు ఊళ్లో లేరు. డాక్టరు ఎక్కడుంటారో, ఆటో ఎక్కడ దొరుకుతుందో తెలియదు. కింది పోర్షన్‌లో పెద్దావిడ, అప్పటికి నాతో రెండు మాటలు కూడా మాట్లాడలేదు, చెంగు దోపుకుని నాతో నడిచారు. అప్పటి నుంచి ఊరు మారే వాళ్లెవరు అడిగినా నేను మొదట అడిగేది ఇదే: ఆయన ఊళ్లో లేని రాత్రి, పెద్దవాడికి జ్వరం వస్తే, చిన్నదాన్ని ఎవరి చేతిలో పెట్టి ఆసుపత్రికి వెళ్తారు?

హన్మకొండలో దీనికి సులువైన జవాబు ఉంది. పక్కనున్న కాజీపేట నుంచి సికింద్రాబాద్ 132 కిలోమీటర్లు, రైలు రెండు గంటలు. పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. మీ వారు ఏ రాత్రీ బయట ఉండనక్కర్లేదు. తెనాలి నుంచి అలా కుదరదు, ఆ నాలుగు రోజులూ ఆయన హైదరాబాద్‌లోనే ఉండాలి. అంటే ఆ రోజుల్లో మీకు తోడు అత్తయ్యే. పాలు ఎప్పుడు పట్టాలన్న దానిమీద మీకు ఆమెతో పడకపోవచ్చు. కానీ పాపని ఆమె ఒళ్లో పడుకోబెట్టి, జ్వరం వచ్చిన బాబుతో ఆసుపత్రికి వెళ్లగలరా లేదా? ఈ ఒక్క ప్రశ్నకి మీరు నిజాయితీగా జవాబు చెప్పుకోండి. వెళ్లగలను అనిపిస్తే మిగతావి సర్దుకోవచ్చు.

అక్క దగ్గరే ఉందాం అనుకుంటున్నారు కదా, అక్కని అడిగారా? మీ ఉత్తరంలో ఎక్కడా ఆ మాట లేదు. ఆవిడకీ సంసారం, పిల్లలు, అత్తమామలు ఉండి ఉంటారు. మీరు పనికి వెళ్తే రోజూ ఎనిమిది గంటలు పాపని చూసుకోవడం వేరు, పండగకి వచ్చిన చెల్లెలి బిడ్డని ముద్దు చేయడం వేరు. అలాగే అత్తయ్యని ఆయన అడిగారా? కొడుకు వస్తే సంతోషమే, కానీ ఒక్కతే ఉండడానికి అలవాటు పడిన మనిషికి రోజంతా ఇద్దరు పిల్లల అల్లరి సంతోషమో కాదో ఆవిడే చెప్పాలి. మీ ఇద్దరి వాదనా ఆ ఇద్దరు ఆడవాళ్ల భుజాల మీద నిలబడి ఉంది, వాళ్లని మాత్రం ఎవరూ అడగలేదు.

పిల్లాడి చదువు గురించి ఒక మాట. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఇప్పుడు వేర్వేరు రాష్ట్రాలు కాబట్టి 'లోకల్' సంగతి మీరు తెలుసుకుని ఉండాలి. మెడికల్, ఇంజినీరింగ్ లాంటి సీట్లలో 85 శాతం స్థానికులకే. ఇంటర్ దాకా ఆఖరి నాలుగేళ్లు ఎక్కడ చదివాడన్నది దానికి ముఖ్యం. యూకేజీ పిల్లాడి కోసం ఇప్పుడే బెంగ పెట్టుకోమనడం లేదు. కానీ తొమ్మిదో తరగతి వచ్చేసరికి ఒక రాష్ట్రంలో స్థిరపడి ఉండాలి. అంటే ఇప్పుడు ఎక్కడికి వెళ్లినా, ఎనిమిదేళ్ల తర్వాత కూడా అక్కడే ఉండగలమా అని ఆలోచించాలి.

ఇక్కడే నా మనసు తెనాలి వైపు మొగ్గింది. మీ అత్తయ్య ఒక్కరే ఉన్నారు, మీ వారు ఒక్కడే కొడుకు. ఇంకో ఐదారేళ్లకి ఆవిడకి మోకాళ్ల నొప్పులో బీపీయో వస్తే మీరు అక్కడికి వెళ్లాల్సిందే, లేదా ఆవిడ మీ దగ్గరికి రావాల్సిందే. హన్మకొండలో ఇల్లు పెట్టి, మీరు ఉద్యోగంలో కుదురుకుని, బాబు ఆరో ఏడో తరగతిలో ఉన్నప్పుడు మళ్లీ ఊరు మారడం ఇప్పటికన్నా చాలా కష్టం. తెనాలిలో వేరే ఇంట్లో ఉంటూ, ఆవిడ ఆరోగ్యంగా ఉన్నప్పుడే కలిసి బతకడం నేర్చుకోవడం మేలు. ఆవిడ మంచాన పడ్డాక వెళ్తే మీరు కోడలిగా కాదు, నర్సుగా వెళ్తారు.

కానీ నాది ఒక షరతు. వేరే ఇల్లు, మీ ఉద్యోగం, ఈ రెండింటికీ మీ వారు ముందే ఒప్పుకోవాలి. 'ముందు అమ్మ దగ్గర దిగుదాం, తర్వాత చూద్దాం' అంటే వద్దు, ఆ తర్వాత ఎప్పటికీ రాదు. దానికి ఆయన ససేమిరా అంటే హన్మకొండే మీకు మంచిది, అందులో తప్పుగా అనుకోవాల్సిందేమీ లేదు.

ఒప్పుకుంటే కూడా వెంటనే లారీ మాట్లాడకండి. బాబుకి సెలవులు ఇవ్వగానే ఏప్రిల్ నెలాఖరులో వెళ్లి ఒక నెల అత్తయ్య ఇంట్లో ఉండండి, హైదరాబాద్ ఇల్లు ఖాళీ చేయకుండానే. ఒక నెల అద్దె పోతుంది, పోనివ్వండి. ఎండలు ముదిరిన నెలలో అక్కడ ఉక్కపోత ఎంతుందో, కరెంటు ఎలా ఉందో, నెట్ ఆయన పనికి సరిపోతుందో తెలుస్తుంది. ఆఫీసుకి ఆ నెల ఒకసారి వెళ్లి రమ్మనండి, వెనకాల మీరూ అత్తయ్యా ఎలా ఉన్నారో కూడా తెలుస్తుంది.

ఇల్లు చూసేటప్పుడు ఓనర్ని కాదు, ఎదురింటి వాళ్లని అడగండి, వానలకి ఈ వీధిలో నీళ్లు ఎక్కడిదాకా వస్తాయని. ఎండాకాలంలో అన్ని ఇళ్లూ బాగానే కనిపిస్తాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగింది, 2023 జులైలో హన్మకొండ నయీంనగర్ వైపు ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. తెనాలి కాలవల ఊరు, దోమల సంగతీ అడగండి.

బ్యాంకులో ఉన్న డబ్బులో లక్ష ముట్టుకోకండి. మిగిలిన 80 వేలలోనే లారీ, ఇంటి అడ్వాన్సు, బాబు అడ్మిషన్ అయిపోవాలి. కంపెనీ ఇచ్చిన హెల్త్ ఇన్సూరెన్స్‌కి తెనాలి, గుంటూరుల్లో ఏ ఆసుపత్రులు ఉన్నాయో మీ వారిని లిస్టు తీయమనండి. బాబు టీసీతో పాటు పెన్ నంబర్ (ప్రతి విద్యార్థికీ ఇచ్చే శాశ్వత నంబర్) కూడా స్కూల్లో రాయించుకోండి. పాప టీకా కార్డు చేతిలోనే ఉంచుకోండి, 16 నుంచి 24 నెలల మధ్య వేయించాల్సినవి ఈ మార్పులో మర్చిపోతారు.

చివరగా మీ గురించి. ఇంత పొడుగు ఉత్తరంలో మీ చదువుకి ఒక్క వాక్యం ఇచ్చారు. మెడికల్ షాపులు లేని ఊరు లేదమ్మా. మీరు నెలకి పది, పన్నెండు వేలు తెచ్చినా ఈ ఇంటి లెక్క మారిపోతుంది, అత్తయ్య ముందు మీ మాట బరువూ మారుతుంది. అయితే ఫార్మసిస్టు రిజిస్ట్రేషన్ రాష్ట్రానికి రాష్ట్రం వేరు. మీది తెలంగాణ కౌన్సిల్‌లో ఉంటే దాన్ని ఆంధ్రప్రదేశ్‌కి మార్పించుకోవాలి, దానికి కొంత సమయం పడుతుంది. పాపకి రెండేళ్లు నిండేలోపు ఆ పని అయిపోయేలా చూసుకోండి. ముందు బీరువా తీసి మీ సర్టిఫికెట్ బయటపెట్టి, రెన్యువల్ గడువు ఏ నెలతో అయిపోతుందో ఈ రోజే చూడండి.