యూరప్‌లో నిషేధించిన పరిమళ రసాయనం: ఇక్కడ కేసు నిలుస్తుందా?

ప్రశ్న: కావలిలోని ఒక దుకాణంలో ఫ్రాన్స్‌లో తయారైన ముఖానికి రాసుకునే క్రీము 1,450 రూపాయలకు కొన్నాను. వాడిన వారానికే ముఖమంతా దద్దుర్లు లేచాయి. డబ్బా మీద ‘బ్యూటైల్‌ఫినైల్ మిథైల్‌ప్రొపియోనల్’ అని ఉంది. ఇది యూరప్‌లో నిషేధమట. తయారీదారునే అడగమని దుకాణదారు అంటున్నారు. కేసు వేయవచ్చా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: వేయవచ్చు. అయితే నిషేధాన్నే ప్రధాన ఆధారం చేసుకోవద్దు. పూల వాసన కోసం కలిపే ఈ కృత్రిమ రసాయనాన్ని, అంటే వ్యాపార వాడుకలో ‘లిలియాల్’ను, యూరోపియన్ యూనియన్ 2022 మార్చి 1 నుంచి సౌందర్య సాధనాల్లో నిషేధించింది. సంతానోత్పత్తికి హాని చేయగల పదార్థంగా వర్గీకరించడమే అందుకు కారణం. మీ ఫిర్యాదు దద్దుర్ల గురించి కాబట్టి, అవి ఈ క్రీము వల్లనే వచ్చాయని మీరు రుజువు చేయాలి. లిలియాల్ కొందరికి ఎలర్జీ కలిగిస్తుందన్నది నిజమే కానీ, మీరు వాడే తలనూనె వల్లనో సబ్బు వల్లనో వచ్చి ఉండవచ్చని ఎదుటి పక్షం న్యాయవాది తప్పకుండా వాదిస్తారు. అందువల్ల ముందుగా చర్మవైద్యుని చేత ప్యాచ్ టెస్ట్ (అనుమానిత పదార్థాన్ని చర్మంపై అతికించి ఎలర్జీ వస్తుందేమో చూసే పరీక్ష) చేయించుకుని, నివేదికను, మందుల చీటీలను, దద్దుర్ల ఫొటోలను, కొనుగోలు బిల్లును భద్రపరచండి. డబ్బు వెనక్కి ఇస్తామన్నా మిగిలిన క్రీమును దుకాణదారుకు అప్పగించవద్దు. ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం, 1940లోని సెక్షన్ 26 ప్రకారం, కొన్న వస్తువును నిర్ణీత రుసుము చెల్లించి ప్రభుత్వ విశ్లేషకుని చేత పరీక్ష చేయించుకునే హక్కు మీకు ఉంది. ఈ హక్కును వాడుకునేవారు చాలా తక్కువ.

యూరప్ నిషేధం దానంతట అది మన చట్టం కాదు. కానీ ఉత్పత్తి అయిన దేశంలో తయారీ, అమ్మకం లేదా పంపిణీ నిషేధించిన సౌందర్య సాధనాన్ని, పరీక్షల నిమిత్తం తప్ప, మన దేశంలోకి దిగుమతి చేయకూడదు. మీ క్రీము ఫ్రాన్స్‌ది కనుక ఈ నియమం మీకు ఉపయోగపడుతుంది. డబ్బాపై తయారీ తేదీ, దిగుమతిదారు చిరునామా, రిజిస్ట్రేషన్ నంబరు చూడండి. అవి లేకపోతే ఆ విషయమే రాసి డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు ఫిర్యాదు చేయండి.

దుకాణదారు మాట చెల్లదు. తయారీదారు ఎవరో తెలియనప్పుడు, లేదా అతను మన చట్టానికి లోబడనివాడైనప్పుడు, అమ్మినవారే బాధ్యులవుతారని వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 86 చెబుతోంది. దిగుమతిదారు పేరు దొరికితే వారినీ ప్రతివాదిగా చేర్చండి. మీరు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే, అంటే నెల్లూరులోనే, ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. కమిషన్ పరిధిని నిర్ణయించేది మీరు చెల్లించిన ధరే గానీ కోరే పరిహారం కాదు. ఆ ధర 5 లక్షల రూపాయల లోపే కనుక ఫీజు ఉండదు. ఫిర్యాదుకు కారణం ఏర్పడిన నాటి నుంచి 2 సంవత్సరాల లోపు వేయాలి.