పెద్దవాళ్ళతో అరకు అంటే మూడు రోజులు చాలవు, ఐదు పెట్టుకోండి

మీ అమ్మానాన్న, వాళ్ళ స్నేహితులు కలిపి తొమ్మిది మంది, అందరూ 65 దాటినవాళ్ళే, నవంబర్‌లో హైదరాబాద్ నుంచి మూడు రోజుల్లో హడావిడి లేకుండా అరకు తిప్పి తీసుకురావడం ఎలా అని మీరు అడిగారు. రెండేళ్ళ కిందట మా అమ్మానాన్న, పెద్దమ్మ, పిన్ని, బాబాయి అంతా కలిపి ఎనిమిది మందిని నేనూ తీసుకెళ్ళాను. అక్కడ పడ్డ ఇబ్బందులు మీకు రాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

మొదటి తప్పు రైలు దగ్గరే చేశాను. గోదావరి ఎక్స్‌ప్రెస్ తెల్లవారుజామునే విశాఖలో దింపుతుంది, అరకు మీదుగా వెళ్ళే కిరండూల్ బండి ఏడు లోపే బయలుదేరుతుంది, ఒక రోజు కలిసొస్తుంది కదా అనుకున్నాను. రాత్రంతా సరిగా నిద్ర లేదు. సామాను మోస్తూ ప్లాట్‌ఫాం మారాలి. బీపీ మాత్రలు వేసుకోవాలంటే ముందు ఏదైనా తినాలి. దాంతో అందరికీ టెన్షనే. ఆ బండిలో అద్దాల బోగీ విస్టాడోమ్‌లో కూర్చోబెట్టాక సగం మంది నిద్రపోయారు. ఆ లైనులో 58 సొరంగాలు, లోయలు, అద్దాల పైకప్పు... వాటి కోసమే కదా అంత ముందుగా సీట్లు బుక్ చేసింది! మీరు మాత్రం మొదటి రోజు విశాఖలోనే ఆగండి. సాయంత్రం ఆర్కే బీచ్‌లో కాసేపు కూర్చుంటే చాలు. మర్నాడు హాయిగా బండి ఎక్కండి.

టికెట్ల విషయం ఒకటి. రైల్లో పెద్దవాళ్ళకు ఉండే లోయర్ బెర్త్ కోటా ఒక టికెట్ మీద ఒకరో ఇద్దరో ఉంటేనే వర్తిస్తుంది. అందరినీ ఒకే టికెట్‌లో వేస్తే అది పోతుంది. అందుకని ఇద్దరిద్దరిగా బుక్ చేయండి. పెద్దవాళ్ళకు ఉండే ఛార్జీ రాయితీ 2020లోనే ఆపేశారు, లెక్క వేసుకునేటప్పుడు అది కలపకండి.

బొర్రా గుహల గురించి మొహమాటం లేకుండా చెబుతాను. లోపల మెట్లు చాలా ఉన్నాయి, తడిగా ఉంటాయి, దిగినంతా మళ్ళీ ఎక్కాలి. కార్తీకమాసం ఆదివారాల్లో జనం తోసుకుంటూ వెళ్తుంటారు. మా పిన్ని సగం దిగి, మోకాళ్ళు పట్టేసి, రెయిలింగ్ పట్టుకుని నిలబడిపోయింది. "మీరు వెళ్ళండి, నేను ఇక్కడే ఉంటాను" అంది. ఆమెను వదిలి ఎవరికీ ముందుకు వెళ్ళబుద్ధి కాలేదు, అందరం వెనక్కి వచ్చేశాం. ఓపిక ఉన్న ఇద్దరు ముగ్గురు వెళ్తామంటే పంపండి, మిగతావాళ్ళకు బయట కూర్చునే చోటు ముందే చూసిపెట్టండి.

మావాళ్ళు ఇప్పటికీ చెప్పుకునేది గుహల గురించి కాదు, వలిసె పూల గురించి. అక్టోబర్ చివరి నుంచి నవంబర్ అంతా అరకు చుట్టుపక్కల పొలాలు పచ్చగా, పసుపు రంగుతో నిండిపోతాయి. ఒక చేను గట్టు పక్కన బండి ఆపించాం. నాన్న చెప్పులు విప్పి గట్టు మీద కూర్చున్నారు. పెద్దమ్మ ఒక పువ్వు అరచేతిలో పెట్టుకుని, వీటి గింజల నుంచి నూనె తీస్తారని అక్కడి రైతు చెబుతుంటే వింటూ కూర్చుంది. గంటన్నర గడిచినా ఎవరూ లేవలేదు. ఆ రోజు ఇంకేమీ చూడలేదు, ఎవరూ అడగనూ లేదు. రోజుకు ఒక్క చోటు చొప్పున ఐదు రోజులు పెట్టుకోమనేది అందుకే.

వాహనానికి టెంపో ట్రావెలర్ మాట్లాడుకోండి. అయితే దాని మెట్టు చాలా ఎత్తు. అది ముందే తెలిసి ఇంటి నుంచి ఒక చెక్క పీట తీసుకెళ్ళాను. ఆగినప్పుడల్లా డ్రైవర్ బాబు దిగి పీట వేసేవాడు. ఆ ట్రిప్పులో అన్నిటికన్నా పనికొచ్చింది ఆ పీటే.

గదులు కింది అంతస్తులోనే, వెస్టర్న్ టాయిలెట్‌తో తీసుకోండి. కింది అంతస్తే అని ఫోన్‌లో నమ్మించిన ఒక చోట, వెళ్ళి చూస్తే గదికి పద్నాలుగు మెట్లున్నాయి. అందుకే గది ముందు ఫొటో వాట్సాప్‌లో తెప్పించుకోండి. రాత్రులు చలి బాగానే ఉంటుంది, స్వెట్టర్లు, మంకీ క్యాపులు తప్పనిసరి. మందులు రెండు సంచుల్లో విడివిడిగా పెట్టుకోండి. అరకులో ఏరియా ఆసుపత్రి ఉంది కానీ, పెద్ద అవసరం వస్తే ఘాట్ రోడ్డు దిగి విశాఖ వెళ్ళాల్సిందే. గుండె జబ్బు ఉన్నవాళ్ళు బయలుదేరే ముందు తమ డాక్టర్‌ను ఒకసారి అడగడం మంచిది.

తేదీలు నవంబర్ రెండో వారం తర్వాత, సోమవారం నుంచి శుక్రవారం మధ్య చూసుకోండి. అక్టోబర్, నవంబర్‌లలో తుఫాన్ల భయం ఉంటుంది, 2014లో హుద్‌హుద్ వచ్చింది అక్టోబర్ 12న. వానలు గట్టిగా పడితే అరకు రైలు లైనులో కొండచరియలు విరిగిపడి బండ్లు ఆగిపోతుంటాయి. అందుకని రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కి వచ్చే గదులే తీసుకోండి. తొమ్మిది మందిలో మోకాళ్ళ నొప్పులు ఎవరికి ఎక్కువో రాస్తే, ఏ రోజు ఏం పెట్టుకోవాలో ఇంకా వివరంగా చెబుతాను.