చిగుళ్ల జబ్బుకీ ఆయుష్షుకీ లింకుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 46. బ్రష్ చేసినప్పుడల్లా చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది, చాలా రోజులుగా ఇంతే, నొప్పి మాత్రం లేదు. షుగర్ ఉంది, మందులు వాడుతున్నా కంట్రోల్‌కి రావట్లేదు. చిగుళ్ల జబ్బుంటే గుండెపోటు వస్తుందనీ, ఆయుష్షు తగ్గుతుందనీ చదివాక భయం పట్టుకుంది. క్లీనింగ్ చేయిస్తే పళ్లు లూజవుతాయని మా ఇంట్లో వద్దంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీ ఇంట్లోవాళ్ల మాట తేల్చేద్దాం, మిమ్మల్ని ఆపుతున్నది అదే కదా. క్లీనింగ్ వల్ల పళ్లు లూజవ్వవు అండీ. చిగుళ్ల జబ్బు వల్ల పంటి చుట్టూ ఎముక ఎప్పుడో కరిగిపోయి ఉంటుంది, గట్టిగా పేరుకున్న గార పట్టి ఉంచడంతో కదలిక తెలీదు, గార తీశాక అది బయటపడుతుంది, నింద మాత్రం మా మీద పడుతుంది. కొన్నాళ్లు చల్లనీళ్లు తగిలితే జివ్వుమంటుంది, అది మామూలే.

నొప్పి లేదన్నారు చూశారా, ఈ జబ్బుతో వచ్చిన చిక్కే అది. డెంటిస్ట్ దగ్గరికెళ్తే మిల్లీమీటర్ల గీతలుండే సన్నటి ప్రోబ్‌ని చిగురుకీ పంటికీ మధ్య దించి చూస్తారు. 3 మి.మీ. లోపైతే ఫర్వాలేదు, 5, 6 వస్తోందంటే పాకెట్, అంటే చిగురు పంటిని వదిలేసి సంచిలాంటి లోతు పడినట్టు, దాని అడుగున పాచి ఉంటే మీ బ్రష్ అక్కడిదాకా పోదు. కరిగిన ఎముక మామూలుగా తిరిగి రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవడమే.

మీ విషయంలో గుండె కంటే ముందు షుగర్ గురించి మాట్లాడాలి. షుగర్ ఎక్కువుంటే చిగుళ్లు పాడవుతాయి, చిగుళ్లలో ఎప్పుడూ వాపు ఉంటే ఆ వాపు తాలూకు రసాయనాలు రక్తంలో కలిసి ఇన్సులిన్‌ని సరిగా పనిచేయనివ్వవు, అంటే రెండువైపులా దెబ్బే. చిగుళ్లకి ట్రీట్‌మెంట్ చేశాక మూడు నాలుగు నెలలకి హెచ్‌బిఎ1సి (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) సగటున 0.4 శాతం దాకా తగ్గిందని 2022లో, వైద్య పరిశోధనల్ని కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ సమీక్షలో తేలింది. చిన్న నంబర్‌లా ఉంది గానీ తీసిపారేసేది కాదు, అలాగని మందులు మానేయకండి.

ఇక గుండెపోటు, ఆయుష్షు. చిగుళ్ల జబ్బున్నవాళ్లలో గుండెజబ్బులు ఎక్కువ కనిపిస్తున్న మాట నిజమే, కానీ వీళ్లలో సిగరెట్లు తాగేవాళ్లూ షుగర్ ఉన్నవాళ్లూ ఎక్కువే, ఏది దేనివల్ల వచ్చిందో విడదీయడం కష్టం. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2012లో ఇదే చెప్పింది, సంబంధం ఉంది, చిగుళ్లు బాగుచేస్తే గుండెపోటు ఆగుతుందన్న రుజువు లేదు అని. కాబట్టి "క్లీనింగ్ చేయించుకుంటే పదేళ్లు ఎక్కువ బతుకుతారు" అనేవాళ్ల మాట నమ్మకండి. రోగాలన్నీ పళ్ల నుంచే అనే పిచ్చి ఇదివరకూ ఒకసారి ముదిరింది, 1910లో విలియం హంటర్ అనే బ్రిటిష్ డాక్టర్ ఇచ్చిన ఉపన్యాసం తర్వాత కీళ్లనొప్పులకి కూడా పళ్లు పీకించేసుకున్నారు జనం, నొప్పులు పోలేదు సరికదా చాలామందికి మంచి పళ్లు కూడా పోయాయి.

మీకు పాకెట్లు ఉంటే మామూలు క్లీనింగ్ చాలదు, వేర్ల దాకా చేసే డీప్ క్లీనింగ్ కావాలి, మూడు నెలలకి మళ్లీ కొలిపించుకోండి. రక్తం వస్తోందని అక్కడ బ్రష్ ఆపకండి, మెత్తటి బ్రష్‌తో చిగురు అంచున నిదానంగా తోమి, పళ్ల సందుల్లో ఇంటర్‌డెంటల్ బ్రష్ వాడండి. వెళ్లేటప్పుడు హెచ్‌బిఎ1సి రిపోర్ట్ తీసుకెళ్లండి, రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే కుర్చీలో కూర్చునే ముందే చెప్పండి.