చిట్టితల్లికి, ఫాల్ బిహైండ్ గురించి

తెనాలి,
అక్టోబరు 12

చిట్టితల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న అమెరికా నుంచి ఫోన్‌లో నువ్వు ఏడుస్తుంటే నాకు మాట రాలేదు. అందుకే ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను. జ్వరం తగ్గింది, ముందు అది చాలు. ఇక మిగిలినవి మూడు అసైన్‌మెంట్లు, ఒక మెయిల్. అసైన్‌మెంట్లు నీ చదువుకు సంబంధించినవి, వాటి సంగతి నువ్వు చూసుకోగలవు. మెయిల్ విషయంలో మాత్రం నేను సాయం చేయగలను. ముప్ఫై రెండేళ్లు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పినదాన్ని.

ప్రొఫెసర్‌కి రాసింది చదివి వినిపించావు కదా. "ఐ హ్యావ్ త్రీ బ్యాక్‌లాగ్స్ ఇన్ యువర్ కోర్స్. ఐ విల్ కవర్ అప్ బై ఫ్రైడే." ఆయన అర్థం కాలేదని జవాబిచ్చేసరికి నా ఇంగ్లీషే పనికిరాదు అనేసుకున్నావు. కాదమ్మా. ఆ రెండు వాక్యాల్లో గ్రామర్ తప్పేమీ లేదు. మాటలే మన కాలేజీల్లో పుట్టినవి. మనకు బ్యాక్‌లాగ్ అంటే తప్పిన సబ్జెక్టు. చెన్నై కాలేజీల్లో దాన్నే అరియర్ అంటారు. అమెరికాలో బ్యాక్‌లాగ్ అంటే పేరుకుపోయిన పని: ఆఫీసులో ఫైళ్లు, కోర్టులో కేసులు, కంపెనీలో ఆర్డర్లు. ఒక విద్యార్థికి "మూడు బ్యాక్‌లాగులు" ఉన్నాయంటే వాళ్లకు ఏమీ తోచదు.

కవర్ అప్ దానికన్నా ప్రమాదం. "ఆదివారం కూర్చుని కవరప్ చేసేస్తా" అని మనం రోజూ అంటాం, లోటు పూడ్చేస్తానని మన ఉద్దేశం. వాళ్ల ఇంగ్లీషులో కవర్ అప్ అంటే చేసిన తప్పు బయటికి రాకుండా కప్పిపెట్టడం. కాపీ, నిజాయితీ అంటే అంత పట్టింపు ఉండే చోట ఆ మాట మెయిల్లో వద్దు. ఈ ఒక్కటీ ఇవాళే మానెయ్.

నీకు కావలసిన మాట ఫాల్ బిహైండ్. ఇది మనకు కొత్తగా నేర్చుకునే మాట కాదు. మన "వెనకబడు"ను విడదీసి చూడు. వెనక, పడు. బిహైండ్, ఫాల్. అవే రెండు ముక్కలు. మనం క్రియను చివర పెడతాం, వాళ్లు ముందు పెడతారు, అంతే తేడా. నా క్లాసులో పిల్లలు ఫాల్ అనగానే కిందపడటం అనుకుని భయపడేవారు. అప్పుడు అడిగేదాన్ని, "కష్టపడ్డావు, ఇష్టపడ్డావు, అలవాటుపడ్డావు, ఎక్కడైనా దెబ్బ తగిలిందా?" అని. పడు అనే చిన్న మాటతో మనం ఎన్ని అర్థాలు పుట్టించామో వాళ్లూ ఫాల్‌తో అలాగే చేశారు. ఫాల్ బ్యాక్ ఆన్ అంటే ఆధారపడటం, చూశావా, అక్కడ కూడా మనకు పడు ఉంది. ఫ్రేజల్ వర్బ్, అంటే క్రియకు ఒక చిన్న మాట చేరి కొత్త అర్థం ఇచ్చేది, అనగానే పుస్తకం మూసేసే పిల్లలకు ఇదే చెప్పేదాన్ని: ఇవి పుట్టినప్పటి నుంచి మీ నోట్లో ఉన్నాయర్రా అని.

నీకు పదేళ్లప్పుడు అలిపిరి నుంచి నడిచి కొండెక్కాం, గుర్తుందా? 3550 మెట్లు. గాలిగోపురం దాకా అందరికంటే ముందు పరిగెత్తావు. మోకాళ్ల పర్వతం దగ్గరికి వచ్చేసరికి కాళ్లు పీకి, మెల్లగా మాకు దూరమయ్యావు. మీ నాన్న వెనక్కి తిరిగి చూసి నీకోసం కిందికి దిగాడు. ఆ "మెల్లగా దూరమవడం" ఉందే, అదే ఫాల్ బిహైండ్‌కు అసలైన అర్థం. "షి ఫెల్ బిహైండ్." ఒకే దారిలో నడుస్తున్నవాళ్లలో ఒకరి అడుగు నెమ్మదించింది. దారి తప్పలేదు, వెనుతిరగలేదు. చదువులో, అద్దెలో, ఆఫీసు పనిలో వాడినా ఆ మెట్లనే మనసులో పెట్టుకో, తప్పుగా వాడవు.

ఇక వాడుక. మనుషులకంటే వెనకబడితే మధ్యలో ఏమీ అక్కర్లేదు: "ఐ ఫెల్ బిహైండ్ మై క్లాస్‌మేట్స్." గడువుకంటే వెనకబడ్డా అంతే: "ది ప్రాజెక్ట్ హ్యాజ్ ఫాలెన్ బిహైండ్ షెడ్యూల్." ఇక్కడ షెడ్యూల్ ముందు "ది" పెట్టాలని మన చేతికి అలవాటు, పెట్టకు. సబ్జెక్టులో వెనకబడితే ఇన్: "ఇన్ మ్యాథ్స్", మీ ఊళ్లో అయితే "ఇన్ మ్యాథ్". చేయాల్సిన పనిలో, కట్టాల్సిన డబ్బులో వెనకబడితే అమెరికా వాళ్లు ఎక్కువగా ఆన్ అంటారు: "ఆన్ మై అసైన్‌మెంట్స్", "ఆన్ ది రెంట్". ఇంగ్లండ్‌లో అక్కడ విత్ ఎక్కువ వినిపిస్తుంది. నేను నేర్చుకున్నదీ, నేర్పిందీ విత్. నువ్వు ఉన్న చోట ఆన్ అను.

ఇంకొకటి, "ఐ వజ్ ఫాలెన్ బిహైండ్" అని ఎప్పుడూ రాయకు. ఎవరో పడేస్తే పడేది కాదిది. ఎవరో మనల్ని వదిలేసి ముందుకెళ్లారని చెప్పాలంటే "ఐ వజ్ లెఫ్ట్ బిహైండ్" అనాలి. ఆ తేడా చిన్నది కాదు. 2002 జనవరిలో అమెరికా ఒక విద్యా చట్టం తెచ్చింది, దాని పేరు నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్. అక్కడ లెఫ్ట్ తీసేసి ఫాలెన్ పెట్టి చూడు. లెఫ్ట్ అన్నప్పుడు వేలు బడి వైపు, పెద్దల వైపు చూపిస్తుంది. ఫాలెన్ అంటే పిల్లవాడి నడక గురించి మాట్లాడుతున్నట్టు అవుతుంది. నీ సంగతిలో నిన్నెవరూ వదిలెయ్యలేదు. జ్వరం వచ్చింది, అడుగు నెమ్మదించింది. అందుకే నీకు ఫాల్ బిహైండ్ సరిపోతుంది.

"నేను చదువులో బ్యాక్‌వర్డ్ అయిపోయాను పెద్దమ్మా" అన్నావు నిన్న. ఆ మాట నా చెవిలో ఇంకా ఉంది. మన స్టాఫ్ రూముల్లో "వాడు బ్యాక్‌వర్డ్, ఇది వీక్" అని పిల్లల గురించి ఎంత తేలిగ్గా అనేవాళ్లమో. నేనూ అన్నాను, దానికి ఇప్పుడు బాధపడుతున్నాను. ఇంగ్లీషువాళ్లు ఒక పిల్లను బ్యాక్‌వర్డ్ అంటే అది తిట్టు కిందే లెక్క, ఆ పిల్ల బుద్ధి మీద వేసిన ముద్ర. "షి హ్యాజ్ ఫాలెన్ బిహైండ్" అంటే మాత్రం ఒక దూరం, అంతే. దూరానికి కొలత ఉంటుంది, తగ్గించే వీలూ ఉంటుంది. ఆ మొదటి మాట నీ గురించి నువ్వు ఇంకెప్పుడూ అనకు తల్లీ. తెలుగులోనూ అనకు.

దూరం అన్నాను కాబట్టి ఒక పరీక్ష చెబుతాను. బిహైండ్ ముందు ఒక అంకె పెట్టు. "టూ వీక్స్ బిహైండ్", "త్రీ అసైన్‌మెంట్స్ బిహైండ్". అంకె దొరికితే నిజంగా వెనకబడ్డట్టు. ఎంత వెతికినా దొరక్కపోతే అది ఫెల్ కాదు, ఫెల్ట్. మా పిల్లలు పరీక్షల్లో "ఐ ఫెల్ట్ బిహైండ్" అని రాసేవారు, నేను ఎర్ర ఇంకుతో చివరి అక్షరం కొట్టేసేదాన్ని. ఇప్పుడు నీ మాటలు వింటుంటే ఆ వాక్యం ఒక్కోసారి నిజమే అనిపిస్తోంది. రూమ్మేట్‌కు ఇంటర్న్‌షిప్ వచ్చింది, ఫలానా అమ్మాయి అప్పుడే ఉద్యోగంలో చేరింది, నేను వెనకబడిపోయాను అన్నావు. ఎందులో? ఎన్ని వారాలు? చెప్పలేకపోయావు. దానికి "ఐ ఫీల్ బిహైండ్" అనాలి, అది మనసుకు సంబంధించింది. నాతోనో మీ అమ్మతోనో చెప్పుకో, తేలికపడతావు. ప్రొఫెసర్‌కి రాసే మెయిల్లో దాన్ని కలపకు. ఆయనకు ఆ మూడు అసైన్‌మెంట్ల సంగతి చాలు.

కాలం సంగతి కూడా చూడు. "ఐ యామ్ ఫాలింగ్ బిహైండ్" అంటే వెనకబడుతున్నాను, ఇంకా చెయ్యి అందే దూరంలో ఉన్నాను. "ఐ హ్యావ్ ఫాలెన్ బిహైండ్" అంటే వెనకబడిపోయాను. మొదటిది చెప్పాల్సిన రోజున చెప్పకపోతే రెండోది చెప్పాల్సి వస్తుంది. ఇది నాకు గ్రామర్ పుస్తకం నేర్పలేదు.

మీ పెదనాన్నకు గుండె ఆపరేషన్ అయిన సంవత్సరం గుర్తుండదు నీకు, నువ్వు పుట్టలేదు. రెండు నెలలు బడికీ ఆసుపత్రికీ తిరిగాను. పదో తరగతికి చెప్పాల్సిన పాఠాలు నిలిచిపోయాయి. నవంబరులో హెడ్మాస్టరు గారు సిలబస్ ఎంతవరకు వచ్చిందమ్మా అని అడిగారు. "జరుగుతోంది సార్" అన్నాను. ఆయన మంచి మనిషి. ఉన్నదున్నట్టు చెప్పి ఉంటే రెండు పీరియడ్లు ఇంకొకరికి అప్పగించేవారు. ఆడదానివి, ఇంట్లో కష్టం ఉంది కాబట్టి పని సాగలేదు అంటారేమోనని నోరు విప్పలేదు. జనవరిలో చెప్పక తప్పలేదు. పొద్దున్నే ఏడింటికి ప్రత్యేక క్లాసులు పెట్టాను. పరుగులో రెండు పాఠాలు పైపైన తేల్చేశాను. ఆ ఏడు ఇద్దరు పిల్లలు ఇంగ్లీషులో తప్పారు. వాళ్లిద్దరి ముఖాలు ఇప్పటికీ గుర్తే. నేను నవంబరులో అనాల్సిన మాట ఒకటే, అది తెలుగులోనైనా ఇంగ్లీషులోనైనా ఒక్క వాక్యం.

అందుకే చెబుతున్నా, అద్దె విషయం కూడా. ఈ నెల అద్దె, క్రెడిట్ కార్డు ఎలా ఉన్నాయని అడిగితే మాట మార్చావు. అక్కడ కార్డు కట్టడం ముప్ఫై రోజులు దాటి ఆలస్యమైతే అది సాధారణంగా క్రెడిట్ రిపోర్టుకు ఎక్కుతుంది, ఏళ్ల తరబడి ఉంటుంది. గడువు దాటకముందే కార్డు కంపెనీకి ఫోన్ చేసి "ఐ యామ్ అఫ్రెయిడ్ ఐ మే ఫాల్ బిహైండ్ ఆన్ మై పేమెంట్ దిస్ మంత్" అను. "పేమెంట్ ఈజ్ పెండింగ్" అంటే ఎవరి దగ్గర ఆగిందో తెలియదు, అలా అనకు. డబ్బు తక్కువైతే మీ అమ్మకు తెలియకుండా నేను పంపుతాను, మొహమాటపడకు.

వెనకబడ్డాక చేసేది క్యాచ్ అప్. అందుకోవడం. మిగతావాళ్లతో సమానంగా నడుస్తూ ఉండటం కీప్ అప్. రాయలేకపోయిన పరీక్షను తర్వాత రాస్తే అక్కడివాళ్లు మేకప్ ఎగ్జామ్ అంటారు, మొహానికి వేసుకునే మేకప్ కాదు, కంగారుపడకు. ఆటల్లో కూడా ఈ ఫాల్ బిహైండ్ రోజూ వింటావు. టోక్యో ఒలింపిక్స్‌లో, 2021 ఆగస్టులో, కాంస్యం కోసం మన హాకీ జట్టు జర్మనీతో ఆడింది. మీ పెదనాన్న, నేను టీవీ ముందు నుంచి లేవలేదు. "ఇండియా ఫెల్ బిహైండ్ త్రీ-వన్." ఆ తర్వాత 5-4తో గెలిచారు. అలా గెలవడాన్ని "కేమ్ ఫ్రమ్ బిహైండ్ టు విన్" అంటారు. ఆ రోజు మీ పెదనాన్న ఏడ్చారు, నలభై ఒక్క ఏళ్ల తర్వాత హాకీలో పతకం మరి.

ఇప్పుడు మెయిల్. నేను రాసింది ఇది, నీ మాటల్లోకి మార్చుకో.

"డియర్ ప్రొఫెసర్, ఐ వజ్ ఇల్ ఫర్ టెన్ డేస్ ఇన్ సెప్టెంబర్ అండ్ హ్యావ్ ఫాలెన్ బిహైండ్ ఆన్ త్రీ అసైన్‌మెంట్స్. ఐ హ్యావ్ ఫినిష్డ్ వన్ అండ్ ఐ యామ్ వర్కింగ్ ఆన్ ది సెకండ్. మే ఐ టర్న్ ఇన్ ఆల్ త్రీ బై ఫ్రైడే? ఇఫ్ దట్ ఈజ్ టూ లేట్, ఐ వుడ్ బి గ్రేట్‌ఫుల్ ఫర్ యువర్ అడ్వైస్ ఆన్ హౌ టు క్యాచ్ అప్."

కారణం ఒకసారే చెప్పు. డాక్టరు చీటీ ఉంటే జతచెయ్యి. క్షమాపణ చెప్పాలనిపిస్తే ఒక్కసారి చాలు, మన అలవాటు ప్రకారం నాలుగుసార్లు సారీ రాస్తే ఆయన అసలు ప్రశ్న వెతుక్కోవాలి. మొదటి అసైన్‌మెంటు పూర్తయ్యాకే పంపు, "ఫినిష్డ్ వన్" అన్న మాట నిజం కావాలి.

ఇంకొకటి మర్చిపోయాను. మీ ఊరు మనకంటే ఇప్పుడు పదిన్నర గంటలు వెనక. "డాలస్ ఈజ్ టెన్ అండ్ ఎ హాఫ్ అవర్స్ బిహైండ్ ఇండియా" అంటాం, అక్కడ ఫాల్ ఉండదు, ఎవరి నడకా తగ్గలేదు కదా. నీకు సాయంత్రం ఆరున్నర అయ్యేసరికి నాకు తెల్లవారుజాము ఐదు. అప్పటికే లేచి కాఫీ పెట్టుకుని ఉంటాను. మెయిల్ పంపేముందు వాట్సాప్‌లో నాకు పెట్టు, ఒకసారి చూసిస్తాను.

వేళకు తిను.

మీ పెద్దమ్మ