నీ కోసమే టికెట్ కొనుక్కో, చిట్టీ

అమ్మా చిట్టీ,

నీ ఉత్తరం అందింది. ఆదివారం బొమ్మల సినిమాకి వెళ్ళావని తెలిసి ఆఫీసులో నవ్వితే, పక్కింటి పాపని తీసుకెళ్ళానని అబద్ధం చెప్పావట. నేనూ చాలా ఏళ్ళు పిల్లల వంకతోనే నడిపాను కాబట్టి ముందు ఆ సంగతే రాస్తాను.

మీ అన్నయ్యలు చిన్నగా ఉన్నప్పుడు వచ్చిన ప్రతి యానిమేషన్ సినిమాకీ వాళ్ళని తీసుకెళ్ళేదాన్ని. వాళ్ళు హాస్టళ్ళకి వెళ్ళిపోయాక ఆరేడేళ్ళు ఒక్కటీ చూడలేదు. చూడాలని లేక కాదు, వెంట తీసుకెళ్ళడానికి పిల్లలు లేక. 2009లో ‘అప్’ వచ్చినప్పుడు మాత్రం ఉండలేక ఒక్కదాన్నే బయల్దేరాను. కౌంటర్లో అబ్బాయి “పిల్లలెంతమంది మేడమ్?” అన్నాడు. “ఎవరూ లేరు, నాకే” అన్నాను. టికెట్ చేతిలో పెట్టాడు, అంతే. ఈపాటి దానికా ఇన్నేళ్ళు ఆగిపోయాను అని హాల్లో కూర్చున్నాక బాధేసింది. నువ్వు అలా చేయకు. మళ్ళీ ఎవరైనా అడిగితే “నాకిష్టం, అందుకే వెళ్ళాను” అని చెప్పు. అంతకు మించి ఏమీ చెప్పక్కర్లేదు.

చూసినవి మళ్ళీ చూడు. ఇది నా రెండో మాట, దీని మీద నాకు పట్టుదల ఎక్కువ. ‘అప్’ మొదట్లో కార్ల్, ఎల్లీల కాపురమంతా నాలుగు నిమిషాల్లో, ఒక్క మాట లేకుండా చూపిస్తారు. దూరదేశం వెళ్ళాలని సీసాలో చిల్లర దాచుకుంటారు. కారు టైరు పోతే ఒకసారి, కాలు విరిగితే ఒకసారి, ఇంటి మీద చెట్టు పడితే ఒకసారి ఆ సీసా పగులుతుంది. మన ఇళ్ళల్లో పోపుల డబ్బాలో దాచిన డబ్బుకి జరిగేదీ అదేగా. సినిమా చివరికొచ్చేసరికి ముసలాయన, చనిపోయిన భార్య పుస్తకం తెరుస్తాడు. చేయాలనుకున్న సాహసాల కోసం ఆమె వదిలిన పేజీలు ఖాళీగానే ఉండిపోయాయని అన్నాళ్ళూ అనుకుంటాడు. తీరా చూస్తే వాటి నిండా వాళ్ళ కాపురం ఫొటోలే.

మొదటిసారి చూసినప్పుడు, బెలూన్లు కట్టుకుని గాల్లో ఎగిరే ఆయన ఇల్లు చూసి మురిసిపోయి వచ్చేశాను. మీ పెదనాన్న పోయిన ఏడాది మళ్ళీ చూశాను. ఆ పేజీల దగ్గర సినిమా ఆపేసి, బీరువాలోంచి మా ఆల్బమ్ తీశాను. ఆయన పోయాక దాన్ని ముట్టుకోవడం అదే మొదటిసారి.

‘మై నైబర్ టోటోరో’ గుర్తుందా? నీకు ఆరేళ్ళప్పుడు సీడీ పెట్టి చూపించాను. పిల్లి ఆకారంలో ఉన్న బస్సు కావాలని వారం రోజులు ఏడ్చావు. ఇప్పుడు చూడు, ఆ బస్సు కంటే అక్క సత్సుకి ఎక్కువ కనిపిస్తుంది. అమ్మ ఆసుపత్రిలో ఉంటుంది. చెల్లెలికి అన్నం క్యారేజీ కట్టి, ధైర్యంగా ఉన్నట్టు తిరిగిన పిల్ల, ఆసుపత్రి నుంచి టెలిగ్రామ్ వచ్చాక పక్కింటి మామ్మ ముందు భోరుమంటుంది. ఈ సినిమా తీసిన జపాన్ దర్శకుడు మియజాకి తల్లి కూడా వెన్నెముక క్షయతో ఏళ్ళ తరబడి మంచాన పడి ఉందట. మీ అమ్మకి ఆపరేషన్ అయినప్పుడు నీకున్న టెన్షన్ నేను చూశాను. అందుకే ముందు ఇది చూడమంటున్నాను.

ఎవరి పిల్లలనైనా వెంట తీసుకెళ్తే ఒక జాగ్రత్త. బొమ్మలు కనిపించగానే పిల్లల సినిమా అనుకోకు. 1988లో జపాన్‌లో టోటోరోతో పాటు ఒకే టికెట్ మీద వేసిన ‘గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్’ యుద్ధంలో ఆకలికి పోయిన అన్నాచెల్లెళ్ళ కథ. చిన్నపిల్లలు తట్టుకోలేరు. సర్టిఫికెట్ మీద వయసు చూసుకుని వెళ్ళు. మామూలు విషాదమైతే పిల్లల కళ్ళు మూయకు, వాళ్ళ ప్రశ్నలకి ఇంటికి వచ్చే దారిలో నింపాదిగా జవాబు చెప్పు.

పెద్దవాళ్ళతో తెలుగులోనే చూడు. 2019 ‘లయన్ కింగ్’కి మీ అమ్మమ్మని తీసుకెళ్తే, విలన్ సింహం స్కార్ నోరు తెరవగానే “ఇది జగపతిబాబు గొంతు కదే!” అంది. రాజ్యం కోసం అన్నని చంపే తమ్ముడి కథ ఆవిడకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేకపోయింది. బ్రహ్మానందం, అలీ గొంతులు వినిపించినప్పుడల్లా పిల్లలకంటే ముందు నవ్వింది.

ఇంకొకటి. పేర్లు పడేటప్పుడు లేచిపోకు. తెర మీద సెకనుకి ఇరవై నాలుగు ఫ్రేములు కదులుతాయి. చేత్తో గీసే రోజుల్లో ఒక్కో బొమ్మని రెండు ఫ్రేములు నిలిపినా సెకనుకి పన్నెండు బొమ్మలు గీయాలి, అంటే నిమిషానికి 720. అలాంటి చాకిరీ చేసినవాళ్ళ పేర్లవి. ‘అప్’ తీసిన పిక్సార్ కంపెనీ వాళ్ళు 1995 ‘టాయ్ స్టోరీ’ దగ్గర్నుంచి, సినిమా తయారవుతున్న కాలంలో తమ వాళ్ళకి పుట్టిన పిల్లల పేర్లు కూడా చివర్లో వేస్తారు. నేను ఆ పేర్లన్నీ చదివాకే లేస్తాను.

ఈ ఆదివారం ఉదయం ఆటకి వెళ్ళు, జనం తక్కువుంటారు. వచ్చాక ఉత్తరం రాయి. కథ నాకు తెలుసులే, నీకు ఎక్కడ ఏడుపొచ్చిందో అది రాయి.

ప్రేమతో,
పెద్దమ్మ