టెక్సాస్‌లో పిస్టల్ నడుముకి పెట్టుకోవాలా, బ్యాగ్‌లో వేసుకోవాలా?

ప్రశ్న: సార్, మేం డాలస్ దగ్గర ఉంటాం. నాకు గ్రీన్‌కార్డ్ వచ్చింది. పగలు ఐటీ జాబ్, వీకెండ్ రాత్రుళ్ళు ఫ్రెండ్‌తో కలిసి నడుపుతున్న గ్యాస్ స్టేషన్ మూసేసి క్యాష్ తీసుకెళ్ళేది నేనే, అందుకని ఒక 9 ఎంఎం పిస్టల్ కొన్నాను. పొట్ట దగ్గర పెట్టుకుంటే కార్లో కూర్చున్నప్పుడు గుచ్చుకుంటోంది, పక్కకి జరిపితే షర్ట్ మీద ఉబ్బు కనిపిస్తోంది. అలా కనిపిస్తే కేసవుతుందా? బయటికెళ్ళినప్పుడు మా ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టేస్తే హాయిగా ఉంటుందేమో అనుకుంటున్నా, తను ఇంకా హెచ్-1బీ మీదే ఉంది. లైసెన్స్ కూడా అక్కర్లేదంటున్నారు, నిజమేనా?

జవాబు: ముందు హ్యాండ్‌బ్యాగ్ సంగతి తేల్చేద్దాం, మీరు మాటవరసకి అడిగినట్టు అడిగారు గానీ మీ ఉత్తరంలో అసలు ప్రమాదం అక్కడే ఉంది. హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1 లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్ళు గన్ గానీ బుల్లెట్లు గానీ దగ్గర పెట్టుకోకూడదు, ఇది ఫెడరల్ చట్టం, టైటిల్ 18 సెక్షన్ 922(జి)(5), టెక్సాస్ ఎంత ఉదారంగా ఉన్నా దీన్ని దాటలేదు. 2022లో చట్టం మార్చాక దీనికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్ళు. "గన్ నాది, బ్యాగ్ మాత్రమే తనది" అంటే నడవదండీ, గన్ ఎవరి పేరు మీద ఉందని కాదు, తెలిసి తన చేతికింద ఉందా లేదా అన్నదే చూస్తారు. తెలిసి అలాంటివాళ్ళకి ఇచ్చినవాళ్ళ మీద కూడా విడిగా సెక్షన్ ఉంది, అంటే మీ మీద. 2019లో రెహైఫ్ కేసులో సుప్రీం కోర్టు, నిందితుడికి తన ఇమ్మిగ్రేషన్ స్టేటస్ ఏంటో తెలుసని కూడా ప్రభుత్వం నిరూపించాలంది, కానీ హెచ్-1బీ మీద ఉన్న మనిషి నా వీసా ఏంటో నాకు తెలీదు అంటే ఎవరు నమ్ముతారు?

హంటింగ్ లైసెన్స్ తీసుకుంటే ఆవిడ కూడా పెట్టుకోవచ్చట కదా అని ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు. ఆ మినహాయింపు చట్టంలో నిజంగానే ఉంది, కానీ టెక్సాస్ హంటింగ్ లైసెన్స్ మామూలుగా ఆగస్టు 31తో అయిపోతుంది, సెప్టెంబర్ 1న రెన్యూ చేయడం మర్చిపోతే ఆ రోజు నుంచే నేరం. గ్రీన్‌కార్డ్ కోసం లైన్లో ఉన్న మనిషికి నేనైతే ఆ దారి చెప్పను. ఇంట్లో కూడా గన్ సేఫ్‌లో ఉండాలి, కోడ్ మీకొక్కరికే తెలియాలి. పిల్లలుంటే ఇంకా ముఖ్యం, లోడ్ చేసిన గన్ 17 ఏళ్ళలోపు పిల్లల చేతికి అందేలా వదిలేస్తే టెక్సాస్‌లో అదే ఒక నేరం, దాంతో ఎవరికైనా ప్రాణం పోయినా తీవ్రంగా గాయపడినా క్లాస్ ఏ మిస్‌డిమీనర్ (చిన్న నేరాల్లో అన్నిటికన్నా పెద్ద తరగతి) దాకా వెళ్తుంది.

ఇక మీ ఒంటి మీద ఎక్కడ పెట్టుకోవాలన్నది. పొట్ట ముందా, కుడి పక్కనా, వెనక నడుం మీదా, చీలమండకా అని చట్టం అడగదు. షర్ట్ మీద ఉబ్బు కనిపించడం, ఇక్కడివాళ్ళు ప్రింటింగ్ అంటారే, అంతమాత్రాన అది టెక్సాస్‌లో నేరం కాదు. చట్టం చూసేది హోల్‌స్టర్, అంటే గన్ పెట్టుకునే ఒర. గన్‌లో కొంచెం భాగం బయటికి కనిపించినా అది హోల్‌స్టర్‌లో ఉండి తీరాలి, సినిమాల్లోలాగా ఊరికే మొలలో దోపుకుంటే షర్ట్ పైకి లేచినప్పుడు కావాలనే చూపించారన్న కేసుకి మీరే దారి తెరిచినట్టే. ట్రిగ్గర్ పూర్తిగా కప్పే గట్టి హోల్‌స్టర్, దాని బరువు మోసే గట్టి బెల్టు, ఈ రెండూ కొంటే మీ ఇబ్బందిలో సగం అక్కడే తగ్గుతుంది, చాలామంది 600 డాలర్ల గన్ కొని 15 డాలర్ల హోల్‌స్టర్ దగ్గర పిసినారితనం చూపిస్తారు.

పొట్ట ఉన్నవాళ్ళకి ముందు వైపు గుచ్చుకోవడం మామూలే, కుడి తుంటి మీద లేదా కొంచెం వెనక్కి పెడితే కూర్చోడానికి బావుంటుంది, కాకపోతే ఇండియన్ స్టోర్‌లో కింది అరలో బియ్యం బస్తా తీయడానికి వంగారనుకోండి, షర్ట్ లేచి పిడి బయటికొస్తుంది. ఆ స్టోర్ తలుపు మీద 30.07 (టెక్సాస్ చట్టంలో సెక్షన్ నంబరు) అని బోర్డు ఉంటే అది లైసెన్స్ ఉన్నవాళ్ళు గన్ కనిపించేలా తీసుకురాకూడదని, 30.06 ఉంటే దాచి కూడా తీసుకురాకూడదని, లైసెన్స్ లేనివాళ్ళకి 30.05. బోర్డు చూసుకోకుండా వెళ్తే 200 డాలర్ల వరకూ ఫైన్, వెళ్ళిపొమ్మని నోటితో చెప్పాక కూడా అక్కడే ఉంటే క్లాస్ ఏ. గుడికి వెళ్ళేటప్పుడూ బయట ఈ బోర్డు చూసుకోండి.

కార్లో గుచ్చుకుంటోందని తీసి కప్ హోల్డర్‌లో పెట్టే అలవాటు మాత్రం వద్దు. బయటికి కనిపిస్తే కార్లో కూడా హోల్‌స్టర్‌లో ఉండాలి, పైగా అక్కడే మర్చిపోయి దిగిపోతారు, మర్నాడు ఆ కారు మీ ఆవిడ తీసుకెళ్తే కథ మళ్ళీ మొదటికొస్తుంది. ఆఫీసు పార్కింగ్‌లో తాళం వేసిన కార్లో ఉంచుకోవడానికి టెక్సాస్ లేబర్ కోడ్ మామూలుగా ఒప్పుకుంటుంది, కొన్ని మినహాయింపులున్నాయి, బిల్డింగ్ లోపలికి మాత్రం కంపెనీ వద్దంటే వద్దే.

లైసెన్స్ అక్కర్లేదన్నది సగం నిజం. 2021 సెప్టెంబర్ 1 నుంచి 21 ఏళ్ళు నిండి, చట్టప్రకారం గన్ పెట్టుకోడానికి అర్హత ఉన్నవాళ్ళకి టెక్సాస్‌లో లైసెన్స్ లేకుండానే క్యారీ చేయొచ్చు. కానీ ఫెడరల్ గన్ ఫ్రీ స్కూల్ జోన్ చట్టం ఒకటుంది, స్కూల్ ఆవరణకి 1,000 అడుగుల లోపు రోడ్డు మీద లోడ్ చేసిన గన్‌తో వెళ్ళాలంటే ఆ రాష్ట్రం ఇచ్చిన లైసెన్స్ ఉండాలి. మన సబర్బ్‌ల్లో స్కూల్ పక్కనుంచి వెళ్ళకుండా పాల ప్యాకెట్ కూడా తేలేం కదా. అందుకే 40 డాలర్ల ఫీజు కట్టి, క్లాసూ షూటింగ్ టెస్టూ పూర్తి చేసి ఎల్టీసీ (లైసెన్స్ టు క్యారీ, టెక్సాస్ ఇచ్చే గన్ లైసెన్స్) తీసుకోండి, గ్రీన్‌కార్డ్ వాళ్ళకి ఇస్తారు. అది చూపించి న్యూజెర్సీలోనో కాలిఫోర్నియాలోనో క్యారీ చేద్దాం అనుకోకండి, అక్కడ చెల్లదు.

మీరు ఇంకా సిటిజన్ కాదు కాబట్టి ఇదొకటి గట్టిగా చెప్తున్నా. గన్‌కి సంబంధించిన నేరంలో కన్విక్షన్ పడితే, చిన్నదే అయినా, గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్ళని డిపోర్ట్ చేయడానికి ఇమ్మిగ్రేషన్ చట్టంలో విడిగా క్లాజ్ ఉంది. లోకల్ క్రిమినల్ లాయర్ "డెఫర్డ్ అడ్జుడికేషన్ తీసుకో, ఏం కాదు" అంటాడు, అంటే తీర్పు వాయిదా వేసి, షరతులు పాటిస్తే కేసు కొట్టేసే పద్ధతి. టెక్సాస్ కోర్టు లెక్కలో అది కన్విక్షన్ కాదు, కానీ గిల్టీ అనో నో కాంటెస్ట్ అనో ఒప్పుకుని, కోర్టు ఏదో ఒక షరతు పెడితే ఇమ్మిగ్రేషన్ లెక్కలో అది కన్విక్షనే. ఏ కాగితం మీదైనా సంతకం పెట్టేముందు ఇమ్మిగ్రేషన్ తెలిసిన లాయర్‌కి చూపించండి.

షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్ళే బ్యాగ్‌ని ఇండియా ప్రయాణానికి వాడకండి, మూల జేబులో ఒక్క బుల్లెట్ మిగిలిపోయినా శంషాబాద్‌లో ఆర్మ్స్ యాక్ట్ కేసు పెట్టొచ్చు, అది నాకు తెలీకుండా ఉండిపోయిందని కోర్టులో చెప్పుకోవాల్సొస్తుంది. ఇక్కడ పోలీసు కారాపి ఐడీ అడిగితే, గన్ మీ దగ్గరుంటే డ్రైవింగ్ లైసెన్స్‌తో పాటు ఎల్టీసీ కూడా చూపించాలి, రెండూ సన్ వైజర్‌కి పెట్టుకోండి, గన్ ఉన్న వైపు జేబులో పర్సు వెతుక్కునే పని ఉండదు.