బ్యాచ్ ఎప్పుడు దించాలి

చి. సాగర్‌కు బాబాయి ఆశీస్సులు.

ఒకే రబ్బరు రెసిపీకి షిఫ్టుకో రకంగా మూనీ (కలిపిన రబ్బరు చిక్కదనం కొలత) వస్తోందని నీ టెన్షన్. మీరు 4 నిమిషాలు చూసి మిక్సర్ నుంచి డంప్ చేస్తున్నారు. పొద్దున చల్లగా ఉన్న బ్యాన్‌బరీ మిక్సర్‌లోనూ, మధ్యాహ్నం కాలిపోతున్న దాంట్లోనూ ఆ 4 నిమిషాల్లో రబ్బరుకు ఒకే పని అందదు. కిలోకి ఇంత ఎనర్జీ అని పెట్టుకుని దించు. ఇంగ్లండ్‌లో రొట్టెలవాళ్లు 1961 నాటి చోర్లీవుడ్ పద్ధతిలో చేసేది ఇదే: కిలో పిండి ముద్దకు 11 వాట్ అవర్లు చేరగానే మిక్సర్ ఆపేస్తారు.

ఆంపియర్ మీటరును మాత్రం నమ్మకు. ఏసీ మోటారు ఖాళీగా తిరిగినా కరెంటు బాగానే లాగుతుంది, కానీ పవర్ ఫ్యాక్టర్ పడిపోయి ఉంటుంది కాబట్టి అందులో అసలు పని తక్కువ. మూడు ఫేజులకూ సరైన కిలోవాట్ మీటరు పెట్టించు.

లెక్క ఇలా వెయ్యి. 200 కిలోల బ్యాచ్‌కి మీటరు 34 యూనిట్లు చూపించిందనుకో. ఖాళీ మెషీన్ 60 కిలోవాట్లు తింటుంటే 4 నిమిషాలకు 4 యూనిట్లు. మిగిలింది 30, అంటే కిలోకి 0.15 యూనిట్, 540 కిలోజౌళ్లు. రబ్బరు 30 నుంచి 150 డిగ్రీలకు వేడెక్కడానికి సుమారు 240 సరిపోతాయి. మిగతాది చాలావరకు కూలింగ్ వాటర్‌లోకీ మెషీన్ గోడల్లోకీ పోతుంది. నీళ్ల వేడి, ఫ్లో కొలిచి సరిచూడు. పొంతన కుదరకపోతే ముందు మీటరుకు కరెంటు కొలిచి ఇచ్చే సీటీల (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ల) కనెక్షన్లు చూడు; చాలాసార్లు తప్పు అక్కడే ఉంటుంది.

మిక్సర్ పవర్ గ్రాఫ్ కూడా చదువు. కార్బన్ బ్లాక్ పొడి పోసి ర్యామ్ (పైనుంచి నొక్కే దిమ్మ) దించాక ఆ బ్లాక్ రబ్బరులో కలిసేకొద్దీ పవర్ మళ్లీ లేచి దిగుతుంది. ఆ రెండో లేపు దిగకముందే డంప్ చేస్తే బ్లాక్ ఉండలు మిగులుతాయి.

రెండు రోల్స్ మిల్లు దగ్గర ఖాళీ పవర్ తీసేసినా లెక్క పూర్తిగా తేలదు. రబ్బరు నిప్‌లో (రోల్స్ మధ్య సందులో) పడగానే బేరింగుల మీద ఒత్తిడి పెరిగి, అక్కడి నష్టమూ పెరుగుతుంది. షాఫ్ట్ మీద స్ట్రెయిన్ గేజ్ పెట్టి టార్క్ కొలవగలిగితే మేలు. కుదరదంటే నిప్ గ్యాప్, రోల్స్ వేడి, రెండు రోల్స్ వేగాల నిష్పత్తి మార్చకుండా బ్యాచ్‌నీ బ్యాచ్‌నీ పోల్చుకో.

ఓ పది బ్యాచ్‌ల గ్రాఫులు పంపు. ర్యామ్ ఎప్పుడు ఎత్తారో పెన్నుతో గుర్తు పెట్టు.

మీ బాబాయి